విండోస్ 10 పోయింది సరే, శుభలేఖల సంగతేంది?

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసినప్పటి నుంచి అనంతపురంలో తెలిసినోళ్లు ఎవరు ఎదురైనా అదే అడుగుతున్నారు, అన్నా ఇప్పుడు కొత్త సిస్టం కొనాల్నా, లేకపోతే విండోస్ బదులు ఫ్రీగా వచ్చే లైనక్స్ ఏదో ఉందంట కదా అది ఎక్కించుకుంటే సరిపోతుందా అని. నాది కార్డులు, కరపత్రాలు కంప్యూటర్లో కూర్చే డీటీపీ షాపు, పెట్టి ఇరవై ఏండ్లు దాటింది, అందుకే నన్నడుగుతారు. దీనికి జవాబు చెప్పేముందు మనందరం విండోస్‌లోకి ఎట్లా వచ్చి పడినామో చెప్పాల, ఎందుకంటే మనూళ్లో దాన్ని ఎవరూ ఏరికోరి తెచ్చుకోలేదు.

1981లో ఐబీఎం తన పీసీని నడిపే సిస్టంగా మైక్రోసాఫ్ట్ దగ్గర డాస్ తీసుకున్నప్పుడు, దాన్ని వేరే కంపెనీలకి కూడా అమ్ముకునే హక్కు మైక్రోసాఫ్ట్ తన దగ్గరే పెట్టుకుంది. తర్వాత జరిగిందంతా ఆ షరతు వల్లే. ఐబీఎం మాదిరి డబ్బాలు ఎవరెవరో చేసినారు, పార్టులు తెచ్చి బిగించే పని ఊరూరికీ పాకింది, ఏ డబ్బా చూసినా ముందు డాస్, తర్వాత విండోస్. ఆపిల్ వాళ్లు తొంభైల్లో కొన్నాళ్లు తప్ప తమ సిస్టంని తమ మిషన్‌లోనే ఉంచుకున్నారు, ఆ ధర మన షాపులకి అందేది కాదు. మేం పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ మాత్రం మొదట 1985లో వచ్చింది మ్యాక్ మీదే, విండోస్‌కి 1987లో గానీ రాలేదు.

2003లో నేను షాపు పెట్టినప్పుడు క్లాక్ టవర్ దగ్గర ఒకాయన అసెంబుల్ చేసి ఇచ్చినాడు, విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, తెలుగు టైప్ చేసే అను ఫాంట్లు, లెక్కలు రాసే టాలీ అన్నీ ఆయన దగ్గరున్న సీడీల్లోంచే ఎక్కించేసినాడు. లైసెన్స్ అనే మాట ఆయనా అనలేదు, నేనూ అడగలేదు. అది తప్పే, ఇప్పుడు ఒప్పుకుంటున్నా.

అసలు ముడి అను ఫాంట్లలో ఉంది. అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లో నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటిచ్చినారు, ప్రతి అక్షరానికీ సొంత నంబర్. కానీ పేజ్‌మేకర్‌కి ఆ యూనికోడ్ తెలీదు, ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, దాన్ని చేసే అడోబ్ వాళ్లు ఆ తర్వాత దాన్ని వదిలేసి తమ ఇంకో సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ మీద పడినారు. అందుకని అను లాంటి ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాలుండే చోట తెలుగు బొమ్మలు కూర్చోబెట్టినాయి. చూసేదానికి తెలుగే, లోపల ఉండేది మాత్రం వేరే. పోయినేడు ఒక పాత శుభలేఖ ఫైల్లోంచి మ్యాటర్ కాపీ చేసి లైనక్స్ ల్యాప్‌టాప్‌లో పేస్ట్ చేస్తే, చి.ల.సౌ. అని ఉండాల్సిన చోట తలమీద చుక్కలున్న ఇంగ్లిష్ A అక్షరాలు, డాలర్ గుర్తు, రెండు బ్రాకెట్లు వచ్చినాయి. ఫాంట్ ఫైల్ ఎక్కించుకుంటే అక్షరాలు కనపడతాయి గానీ వాటితో టైప్ చేయనిచ్చే అను మేనేజర్ సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం చేసింది. ఇరవై ఏండ్ల పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, కరపత్రాలు నా హార్డ్ డిస్క్‌లో అట్లా ఉన్నాయి, వేళ్లకి కూడా ఆ కీబోర్డే అలవాటు. షాపులు విండోస్ వదలకపోవడానికి కారణం ఇదీ, ప్రేమ కాదు.

లైనక్స్ కూడా అదే 1991లో మొదలైంది, హెల్సింకీలో 21 ఏండ్ల కుర్రాడు లైనస్ టోర్వాల్డ్స్ ఆగస్టు 25న నేనొక సిస్టం రాస్తున్నా అని అందరికీ చెప్పినాడు, 1983 నుంచి రిచర్డ్ స్టాల్‌మన్ నడిపిస్తున్న గ్నూ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు పనిముట్లు దానికి తోడైనాయి. 2004లో ఉబుంటు అనే లైనక్స్ రకం వచ్చినాక సీడీలు పైసా తీసుకోకుండా పోస్టులో పంపేవాళ్లు, నాకూ ఒకటి వచ్చింది, ఎక్కించి చూసినా, బాగుంది, కానీ మరుసటి రోజు పొద్దున కార్డు ఆర్డర్ వస్తే మళ్లీ ఎక్స్‌పీనే ఆన్ చేసినా. కేరళ బడుల్లో మాత్రం పిల్లలు లైనక్స్ మీదే నేర్చుకున్నారు, అక్కడ పట్టుబట్టి చేసినారు కాబట్టి అయింది.

ఇప్పుడు చిక్కేమంటే విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాల, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి ఒప్పుకుంటారు, నాది నాలుగో తరం ఐ3, చక్కగా నడుస్తా ఉంది, అయినా పనికిరాదంట. ఇండ్లల్లో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. ఏమవుతుందిలే అని ఊరికే వాడుకుంటా పోవద్దు. 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ వచ్చి ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లకి కూడా తగిలింది, దాన్ని ఆపే ప్యాచ్, అంటే అప్‌డేట్, మార్చిలోనే వచ్చున్నా ఎక్కించుకోనోళ్లే దెబ్బతిన్నారు.

కాబట్టి బ్రౌజర్, సినిమాలు, పిల్లల చదువు వరకే అయితే ధైర్యంగా లైనక్స్‌లో మింట్ అనే రకం వేసుకోండి, ముందు పెన్‌డ్రైవ్ మీంచే నడిపి ప్రింటర్, వైఫై పలుకుతున్నాయో లేదో చూసుకోండి. టాలీ, అను ఉన్నోళ్లు ఒక పాత మిషన్‌ని నెట్ తీసేసి దానికే ఉంచండి. నేను అదే చేసినా, కొత్త కార్డులు మాత్రం పక్కనున్న మింట్‌లో మండలి, రామభద్ర లాంటి ఫ్రీ యూనికోడ్ ఫాంట్లతో చేస్తున్నా. మొన్న గుత్తి నుంచి వచ్చినాయనకి కార్డు మ్యాటర్ వాట్సాప్‌లో పెట్టినా, ఫోన్‌లో అంతా తెలుగే కనపడింది, పెండ్లికూతురి పేరులో పోయిన దీర్ఘం ఆయనే దిద్ది తిరిగి పంపినాడు, నేను ఇక్కడ కాపీ పేస్ట్ చేసి ప్రింట్ ఇచ్చినా.