కరెంట్ అఫైర్స్, పొలిటికల్ సైన్స్: సివిల్స్ అభ్యర్థుల అపోహలు - వాస్తవాలు

సివిల్స్‌కు, గ్రూప్-1కు చదివే పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెబుతుంటాను. రోజూ పేపరు శ్రద్ధగా చదువుతారు, పాలిటీ పుస్తకం కూడా రెండు మూడుసార్లు తిరగేస్తారు. ఆ రెండూ జవాబులో కలవకపోవడం చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే కష్టమంతా పడ్డాక పోయే మార్కులవి.

అపోహ: తీర్పు తేదీ, కేసు పేరు గుర్తుంటే చాలు.

వాస్తవం: ఎస్సీ వర్గీకరణనే, అంటే ఎస్సీ కోటాను ఆ కులాల్లోనే గ్రూపులుగా పంచడాన్నే తీసుకోండి. చాలామంది నోట్సులో ఉండేది ఒకే లైను: "2024 ఆగస్టు 1, దవీందర్ సింగ్ కేసు, ఏడుగురు జడ్జీలు, 6-1." ప్రిలిమ్స్‌కు సరే. మెయిన్స్‌లో ఆ లైను రాయగానే పెన్ను ఆగిపోతుంది. దాని కిందే మూడు ప్రశ్నలు వేసుకోమంటాను.

గొడవ ఎక్కడ మొదలైంది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2000లో తెచ్చిన వర్గీకరణ చట్టాన్ని 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆర్టికల్ 341 కింద ప్రకటించే ఎస్సీ జాబితాలోని వాళ్లంతా ఒకే వర్గం, రాష్ట్రం వాళ్లను విడదీయకూడదు అన్నది అప్పటి వాదన.

2024లో ఏం మారింది? వెనుకబాటు ఎస్సీలందరిలో ఒకేలా లేదని, తగిన ఆధారాలుంటే రాష్ట్రాలు వర్గీకరించుకోవచ్చని కోర్టు ఒప్పుకుంది.

మరి ఇందులో సిద్ధాంతం ఏది? అందరినీ ఒకే గాటన కట్టడం సమానత్వమా, అట్టడుగున ఉన్నవాళ్లకు ముందు అందేలా చూడటమా? కులవ్యవస్థలో అసమానత మెట్లుమెట్లుగా ఉంటుందన్న అంబేడ్కర్ మాట, అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ న్యాయ సిద్ధాంతం ఇక్కడ వాటంతటవే వస్తాయి. ఆ తర్వాత మన రాష్ట్రాల అంకెలు: 15 శాతం ఎస్సీ కోటాను మూడేసి గ్రూపులకు తెలంగాణ 1, 9, 5గా, ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5గా పంచాయి. ఒకే తీర్పు, రెండు రాష్ట్రాల్లో రెండు రకాల పంపకం. సమాఖ్య వ్యవస్థ మీద ప్రశ్న వచ్చినా ఇదే ఉదాహరణ పనికొస్తుంది.

అపోహ: తాజా తీర్పు చదివితే చాలు, పాతవన్నీ అనవసరం.

వాస్తవం: 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో బిల్లులపై గవర్నర్లకు సుప్రీంకోర్టు గడువులు పెట్టింది. చాలామంది ఆ గడువులను బట్టీ పట్టారు. రాష్ట్రపతి సలహా కోరడంతో అదే ఏడాది నవంబరులో అయిదుగురు సభ్యుల ధర్మాసనం, కోర్టులు అలా గడువులు విధించలేవని, అలాగని బిల్లులను అంతూపొంతూ లేకుండా ఆపడమూ కుదరదని చెప్పింది. బట్టీ పట్టిన అంకెలు ఎగిరిపోయాయి. బిల్లులకు గవర్నర్ ఆమోదం గురించి చెప్పే ఆర్టికల్ 200, గవర్నర్ విచక్షణకు హద్దులెక్కడన్న చర్చ మాత్రం అలాగే ఉంది. 1984లో గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసిన ఉదంతం, కేంద్ర, రాష్ట్ర సంబంధాలపై సర్కారియా కమిషన్ సిఫార్సులు చదివినవాళ్లకు ఈ నవంబరు వార్త కంగారు పెట్టదు.

అపోహ: రాజకీయ వార్తలన్నీ పాలిటీయే.

వాస్తవం: ఎవరు ఏ పార్టీ కండువా కప్పుకున్నారన్నది వదిలేయండి. అనర్హత పిటిషన్లపై స్పీకర్ తేల్చకపోతే ఏమిటన్నది పట్టుకోండి. పార్టీ మారిన తెలంగాణ ఎమ్మెల్యేల కేసులో 2025 జులై 31న సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమంది. ఫిరాయింపుల నిరోధానికి సంబంధించిన పదో షెడ్యూలు, దానిపైనే వచ్చిన 1992 నాటి కిహోటో తీర్పు పక్కన ఆ వార్తను అతికించుకోండి.

అపోహ: ఎన్ని పేర్లు కుమ్మరిస్తే అన్ని మార్కులు.

వాస్తవం: 10 మార్కుల ప్రశ్నకు మీకున్నవి 150 పదాలు. అందులో నలుగురు ఆలోచనాపరుల పేర్లు వరసగా రాస్తే వాదనకు చోటే మిగలదు. ఒక్కరు చాలు. ఆయన మాట మీ ఉదాహరణకు ఎలా వర్తిస్తుందో ఒక వాక్యంలో చెప్పండి, వర్తించని చోటు కనిపిస్తే అదీ రాయండి. జవాబులు దిద్దేటప్పుడు నేను ముందు వెతికేది ఆ రెండో వాక్యాన్నే.