మేనరికంలో రక్తసంబంధం ఎంత?

పర్లాకిమిడి

చి. గౌరికి, చి. కిట్టుకి అమ్మమ్మ ఆశీస్సులు.

మీ పిన్ని తన మేనమామ కొడుకునే చేసుకుందంటే నీ ఒడియా స్నేహితురాలు నోరు వెళ్లబెట్టిందని రాశావు గౌరీ. వాళ్లలో ఆ ఆచారం లేదు మరి. మా వీధిలోనే మేనరికం ఒకింట ముచ్చట, పక్కింట వింత. వాళ్లిద్దరికీ రక్తసంబంధం ఎంత అని కిట్టు అడిగాడు. దానికో లెక్కుంది. అమెరికా వ్యవసాయ శాఖలో గినీ పందుల మీద పనిచేసిన సూవల్ రైట్ 1922లో చెప్పాడు.

ముందు వంశవృక్షం గీయండి. మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి వృత్తం. బిడ్డకి ప్రతి జన్యువూ రెండు ప్రతులుగా వస్తుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. కాబట్టి మెట్టుకి సగం. ఒకరి నుంచి ఉమ్మడి పెద్దల దాకా ఎక్కి, రెండోవారి దాకా దిగాలి. ఎన్ని మెట్లో అన్నిసార్లు సగం చెయ్యాలి. దిగడం మొదలెట్టాక మళ్లీ ఎక్కకూడదు. ఎక్కితే పిల్లాడి మీదుగా మొగుడూ పెళ్లాలు కూడా రక్తసంబంధీకులైపోతారు!

పిన్ని నుంచి నేను, నా నుంచి మా నాన్న, అక్కణ్ణుంచి మా అన్నయ్య, తర్వాత బాబాయి. నాలుగు మెట్లు, అంటే 1/16. మా అమ్మ మీదుగా ఇంకో 1/16. కలిపితే 1/8. అదే మేనమామని చేసుకుంటే మూడేసి మెట్ల దారులు రెండు, 1/4 అవుతుంది.

గోత్రం తండ్రి వైపే నడుస్తుంది. అందుకే పిన్నిదీ బాబాయిదీ వేరు గోత్రాలు, పంతులుగారికి పేచీ లేదు. అన్నదమ్ముల పిల్లలైతే పెళ్లి మాటే ఎత్తరు. లెక్కలో వాళ్లదీ అదే 1/8. గోత్రం చూసి దగ్గరా దూరమా తేల్చేవాళ్లని చూస్తే నాకు చిరాకు.

పుట్టే బిడ్డకి ఇందులో సగం, 1/16. అంటే ఏ జన్యువు తీసుకున్నా, రెండు ప్రతులూ ఒకే పెద్దల ఒకే ప్రతి నుంచి వచ్చే అవకాశం అంత. రెండు ప్రతులూ చెడితేనే బయటపడే జబ్బు తాలూకు ప్రతి ఒకటి మా నాన్నలో ఉందనుకోండి. అది పిన్నికి చేరే అవకాశం 1/4, బాబాయికీ అంతే. బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 1/64.

మన ఇళ్లలో లెక్క తప్పేది ఇక తర్వాతి తరంలో. పిన్నికి ఇద్దరు పిల్లలుంటే వాళ్ల మధ్య 1/2 అనేసి ఊరుకుంటారు. కానీ ఒకరు తల్లి వైపు ఎక్కి, మా అమ్మానాన్నల మీదుగా, తండ్రి వైపు నుంచి రెండోవారి దగ్గరికి దిగొచ్చు. ఆరు మెట్లు, 1/64. అటూ ఇటూ కలిపి అలాంటి దారులు నాలుగు. మొత్తం 9/16. పిల్లలు మేనరికం సంతానం కాబట్టి రైట్ దీన్ని 1 + 1/16, అంటే 17/16తో భాగించి 9/17 అంటాడు. పశువుల పెంపకంవాళ్లు చాలామంది 9/16 దగ్గరే ఆగుతారు.

ఇదంతా సగటు. తల్లికీ బిడ్డకీ సగం ఖాయం, తోబుట్టువులకి మాత్రం కాస్త అటూ ఇటూ అవుతుంది.

పాతపట్నం, గునుపురం చుట్టాల్ని కూడా చార్టులో వెయ్యండి. గునుపురం తాతయ్యకి ఇద్దరు భార్యలు. సవతి బిడ్డలకి తండ్రి మీదుగా ఒక్కటే దారి, 1/4 రావాలి. ఆ ఇద్దరు భార్యలూ అక్కచెల్లెళ్లు కాబట్టి ఇంకో 1/8 కలుస్తుంది. మీకు 3/8 వచ్చిందో లేదో ఫోన్ చేసి చెప్పండి.

ఇట్లు,
అమ్మమ్మ