అమెరికా సుప్రీంకోర్టు జడ్జీల నియామకాలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

లా కాలేజీలో నేను వివిధ దేశాల రాజ్యాంగాలను పోల్చి చెప్పే పేపరు బోధిస్తాను. అమెరికా పాఠం మొదలుపెట్టగానే క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, 2016లో ఒక రూలు, 2020లో ఇంకో రూలు ఎలా కుదిరింది?" 2016లో ఎన్నికల ఏడాదని సుప్రీంకోర్టు సీటు నింపకుండా ఆపిన రిపబ్లికన్లే, 2020లో పోలింగ్‌కు కొద్ది రోజుల ముందు ఇంకో సీటు నింపేశారన్నది వాళ్ల ప్రశ్న. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న చుట్టాలూ ఇదే విషయం మీద వాట్సాప్‌లో కొట్టుకుంటుంటారు. ఎవరు ఏ పార్టీ అభిమానో తెలిస్తే చాలు, సమాధానం ఏమొస్తుందో ముందే చెప్పేయొచ్చు. తరచూ వినిపించే అపోహలు కొన్ని చూద్దాం.

అపోహ: ఎన్నికల ఏడాదిలో సుప్రీంకోర్టు ఖాళీ నింపకూడదని రూలు ఉంది.

లేదు. అధ్యక్షుడు పేరు ప్రతిపాదించి, సెనేట్ సలహా, సమ్మతితో నియమిస్తాడని మాత్రమే రాజ్యాంగం రెండో అధికరణం చెబుతుంది. ఎన్నికల ప్రస్తావన లేదు, గడువు లేదు. 1916 ఎన్నికల ఏడాదే, ఆ జూన్‌లోనే లూయీ బ్రాండైస్‌కు సెనేట్ ఆమోదం దొరికింది. 1988 కూడా అంతే. అధ్యక్షుడు రిపబ్లికన్ రీగన్, సెనేట్ డెమోక్రాట్ల చేతిలో ఉంది. అయినా ఆ ఫిబ్రవరిలో ఆంథొనీ కెనెడీ 97-0తో నెగ్గారు.

అలాగని వచ్చిన పేరుకు సెనేట్ ఓటు పెట్టి తీరాలన్న రూలూ రాజ్యాంగంలో రాసి లేదు. 

అపోహ: మాట మార్చింది అప్పటి సెనేట్ రిపబ్లికన్ల నాయకుడు మిచ్ మెకానెల్ ఒక్కరే.

ఆయన మార్చారు, అందులో వాదన అక్కర్లేదు. 2016 ఫిబ్రవరి 13న జస్టిస్ స్కాలియా చనిపోయారు. కొత్త జడ్జి ఎంపికలో ప్రజల మాట చెల్లాలని, కొత్త అధ్యక్షుడు వచ్చేదాకా ఆగాలని ఆ రోజే మెకానెల్ ప్రకటించారు. మార్చి 16న ఒబామా ప్రతిపాదించిన మెరిక్ గార్లండ్ పేరు 293 రోజులు అలాగే పడి ఉంది. సెనేట్ జ్యుడీషియరీ కమిటీ ఒక్క విచారణ కూడా పెట్టలేదు. 2020 సెప్టెంబర్ 18న జస్టిస్ గిన్స్‌బర్గ్ చనిపోతే, ట్రంప్ ఎవరిని ప్రతిపాదించినా సభలో ఓటు పెడతామని అదే రాత్రి చెప్పింది కూడా ఈ మెకానెలే. ట్రంప్ ప్రతిపాదించిన ఎమీ కోనీ బారెట్‌కు అక్టోబర్ 26న ఆమోదం పడింది. పోలింగ్‌కు ఇంకా 8 రోజులే ఉంది. కోట్ల మంది ముందస్తుగా ఓటు వేసేశారు కూడా.

మెకానెల్ వాదన కూడా చెప్పాలి కదా. అధ్యక్షుడిది ఒక పార్టీ, సెనేట్‌ది ఇంకో పార్టీ అయినప్పుడే ఆగాలన్నాం అని 2020లో ఆయన సమర్థించుకున్నారు. ఇది అప్పటికప్పుడు పుట్టించిన మాట కాదు, 2016లోనూ ఈ చరిత్ర ఆయన ఎత్తారు. కానీ అప్పుడు జనం ముందు పెట్టిన నినాదం మాత్రం "ప్రజలను నిర్ణయించనివ్వండి" అన్నదే. షరతు సంగతి చిన్న అక్షరాల్లో ఉండిపోయింది.

రిపబ్లికన్ సెనేటర్ లిండ్సే గ్రాహమ్‌కు ఆ అవకాశం కూడా లేదు. 2016 మార్చిలో జ్యుడీషియరీ కమిటీలో కూర్చుని, రేపు రిపబ్లికన్ అధ్యక్షుడి తొలి పదవీకాలం చివరి ఏడాదిలో ఖాళీ వచ్చినా ఆగాల్సిందేనని, కావాలంటే నా మాటలు నా మీదే ప్రయోగించండని ఆయన కెమెరాల ముందే అన్నారు. 2020లో బారెట్ విచారణ నడిపిన కమిటీ ఛైర్మన్ ఆయనే! 2018లో ట్రంప్ ప్రతిపాదించిన జడ్జి కెవనా విషయంలో డెమోక్రాట్లు చేసినదాంతో లెక్క మారిపోయిందని కారణం చెప్పారు.

ఇక రెండో వైపు చూద్దాం. 1992 జూన్‌లో సెనేటర్ జో బైడెన్, ఎన్నికల వేడిలో ఖాళీ వస్తే నవంబర్ దాటేదాకా అధ్యక్షుడు ఎవరినీ ప్రతిపాదించకపోవడమే మంచిదని సభలో ప్రసంగించారు. రిపబ్లికన్లు 2016లో దాన్ని బయటికి తీసి 'బైడెన్ రూల్' అని పేరు పెట్టారు. అప్పుడు అసలు ఖాళీయే లేదు, పైగా మధ్యేమార్గంలో ఉన్నవారిని సూచిస్తే ఒప్పుకోవచ్చని కూడా ఆయన అన్నారు. ఆ సగం మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఒబామా కూడా 2006లో జడ్జి అభ్యర్థి అలిటోను అడ్డుకునే ఫిలిబస్టర్‌కు (ఓటింగ్ జరగకుండా చర్చను సాగదీయడం) ఓటేసిన సెనేటరే. 2016 ఫిబ్రవరిలో, ఆయన ఎవరిని ప్రతిపాదించినా ఆపుతామని రిపబ్లికన్లు అన్నాక, ఆ ఓటు వేసినందుకు విచారిస్తున్నారని వైట్‌హౌస్ చెప్పింది. 2016లో "మీ పని మీరు చేయండి" అన్న డెమోక్రాట్లు 2020 వచ్చేసరికి "ప్రజలను నిర్ణయించనివ్వండి" అన్నారు. బారెట్ పేరు మీద కమిటీ ఓటింగ్ నాడు వాళ్లు కుర్చీల్లో జనం ఫొటోలు పెట్టి ఓటింగ్‌ను బహిష్కరించారు, ఓటు 12-0తో ముగిసింది.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. అయితే ఇద్దరి తప్పూ సమానమని నేను అనను. ప్రసంగంలో మాట మార్చడం ఒకటి, సుప్రీంకోర్టు సీటును ఏడాదికి పైగా ఖాళీగా ఉంచడం మరొకటి.

అపోహ: 60 ఓట్ల నిబంధనను నాశనం చేసింది ఫలానా పార్టీ.

ఫిలిబస్టర్‌ను ఆపి ఓటింగ్‌కు వెళ్లాలంటే 60 ఓట్లు కావాలన్నది సెనేట్ పెట్టుకున్న నిబంధనే, రాజ్యాంగంలోది కాదు. 2013 నవంబర్‌లో సెనేట్‌లో హ్యారీ రీడ్ నాయకత్వంలో డెమోక్రాట్లు కింది కోర్టుల నియామకాలకు దాన్ని తీసేశారు. అనుకున్నదానికంటే ముందే పశ్చాత్తాపపడతారని మెకానెల్ ఆ రోజే హెచ్చరించారు. 2017 ఏప్రిల్‌లో, స్కాలియా సీటుకు ట్రంప్ ప్రతిపాదించిన గోర్సచ్ కోసం సుప్రీంకోర్టుకూ ఆ నిబంధన లేకుండా చేసింది ఆయనే.

అపోహ: ఒకప్పుడు ఇదంతా మర్యాదగా జరిగేది, 1987లో రీగన్ ప్రతిపాదించిన బోర్క్‌ను సెనేట్ తిరస్కరించడంతోనే చెడిపోయింది.

స్కాలియా 98-0, గిన్స్‌బర్గ్ 96-3 ఓట్లు చూస్తే అలాగే అనిపిస్తుంది. కానీ జాన్ రట్లెడ్జ్‌ను సెనేట్ తిరస్కరించింది 1795లోనే. 1866లో కాంగ్రెస్ జడ్జీల సంఖ్యనే తగ్గించేసింది, ఆండ్రూ జాన్సన్‌కు నియమించే అవకాశం ఉండకూడదని. 1968లో ఫోర్టస్ చీఫ్ జస్టిస్ కాకుండా ఫిలిబస్టర్ చేశారు. బోర్క్ తర్వాత మారింది టీవీ, ప్రచారం ఖర్చు, ఓటు పూర్తిగా పార్టీ గీత మీద చీలడం.

అపోహ: సూత్రానికి కట్టుబడినవాళ్లు ఒక్కరూ లేరు.

సూసన్ కాలిన్స్ ఉన్నారు. రిపబ్లికన్ అయి ఉండి 2016లో గార్లండ్‌కు విచారణ పెట్టాలన్నారు. 2020లో ఎన్నికల ముందు ఓటు వద్దని బారెట్‌కు వ్యతిరేకంగా ఓటేశారు. 52-48లో పార్టీ గీత దాటింది ఆమె ఒక్కరే. మరో రిపబ్లికన్ సెనేటర్ ముర్కోవ్‌స్కీ ముందు రోజు ప్రక్రియకు వ్యతిరేకంగా ఓటేసి, చివరికి బారెట్‌కు అనుకూలంగా వేశారు.

అపోహ: మన దగ్గర జడ్జీలే జడ్జీలను ఎంపిక చేసే కొలీజియం ఉంది కాబట్టి ఈ గొడవ లేదు.

కెమెరాలు లేవంతే. కొలీజియం పంపిన పేర్లు కేంద్రం దగ్గర నెలల తరబడి ఆగిన సందర్భాలు ఉన్నాయి. కొలీజియం స్థానంలో తెచ్చిన నియామకాల కమిషన్ ఎన్‌జేఏసీని 2015 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు 4-1తో కొట్టేసినప్పుడు విభేదించిన ఆ ఒక్క జడ్జి, కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన జస్టిస్ చలమేశ్వర్, కొలీజియంలో పారదర్శకత లేదనే రాశారు.

అపోహ: ఇది వాళ్ల పార్టీల గొడవ, మనకేం సంబంధం?

2025 జనవరిలో ట్రంప్ ఇచ్చిన జన్మతః పౌరసత్వం ఉత్తర్వు చూడండి. తల్లి హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి గ్రీన్‌కార్డు కానీ పౌరసత్వం కానీ లేకపోతే, అక్కడ పుట్టే బిడ్డకు పౌరసత్వం రాదన్నది అందులోని మాట. ఎన్ని తెలుగు ఇళ్లలో టెన్షన్ పడ్డారో వేరే చెప్పక్కర్లేదు. కింది కోర్టులు దేశమంతటికీ వర్తించే స్టేలు ఇచ్చాయి. అలాంటి స్టేలు ఇచ్చే అధికారానికి 2025 జూన్‌లో సుప్రీంకోర్టు 6-3తో కోత పెట్టింది, ఉత్తర్వు చెల్లుతుందా లేదా అన్నది మాత్రం అప్పుడు తేల్చలేదు. మెజారిటీ తీర్పు రాసింది పోలింగ్‌కు 8 రోజుల ముందు ఆమోదం పొందిన బారెట్. మెజారిటీలో ఉన్నవారిలో, గార్లండ్‌కు దక్కని సీట్లో కూర్చున్న గోర్సచ్ కూడా ఒకరు.