బంగారు రేకు నుంచి వంటకుండ దాకా: పరిశుద్ధత అనే మాట నడిచిన దారి

పరిశుద్ధ జీవితం గురించి క్రైస్తవుల మధ్య నడిచే వాదాలు చాలావరకు మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి. అది దేవుడిచ్చేదా, మనిషి సాధించేదా? ఒక్కసారిగా కలిగేదా, బతికినన్నాళ్లూ సాగేదా? అందరికీనా, కొందరికేనా? ఇవేవీ నిన్నమొన్న పుట్టినవి కావు. వీటి వెనక ఉన్న చరిత్ర తెలియకపోతే ఒక్కో పక్షం ఒక్కో వచనాన్ని పట్టుకుని లాగడమే మిగులుతుంది.

హీబ్రూలో మాట ‘ఖదోష్’. ప్రత్యేకించినది, దేవుని కోసం వేరుచేసినది అని దాని భావం. ఆదికాండములో ఈ ధాతువు మొదట వాడింది మనిషి గురించి కాదు, స్థలం గురించీ కాదు, ఏడవ దినం గురించి (2:3). తర్వాత నిర్గమకాండము 3:5లో మండుతున్న పొద దగ్గర నేల పరిశుద్ధమంటాడు దేవుడు. అప్పటిదాకా మోషే మందను మేపుకుంటూ వచ్చిన అరణ్యపు నేలే అది. మట్టి మారలేదు. దేవుడు అక్కడ ఉన్నాడు, అంతే. కాబట్టి పరిశుద్ధత మొదట గుణం కాదు, సంబంధం: ఈ వస్తువు, ఈ రోజు, ఈ మనిషి ఎవరి సొత్తు అన్నది. గుణం దాని వెంట రావాలి.

ఈ వరుస ముఖ్యం. సీనాయి కొండ దగ్గర దేవుడు, ఐగుప్తు నుంచి విడిపించిన ఇశ్రాయేలీయులతో ముందు ‘మిమ్మల్ని గద్ద రెక్కల మీద మోసి నా దగ్గరికి చేర్చుకున్నాను’ అంటాడు (నిర్గమ 19:4). తర్వాత ‘పరిశుద్ధ జనము’ అన్న పిలుపు (19:6). పది ఆజ్ఞలు వచ్చేది ఆ తర్వాతి అధ్యాయంలో. విడుదల, పిలుపు, ఆపైన నడత. ఐగుప్తులో ఉండగా ఆజ్ఞలిచ్చి, పాటిస్తే విడిపిస్తానని ఆయన అనలేదు. క్రైస్తవ చరిత్రలో పరిశుద్ధత బోధ ఎక్కడ వంకర తిరిగిందో వెతికితే, చాలా చోట్ల ఈ వరుస తిరగబడిందని తేలుతుంది. లేదంటే మొదటి రెంటి దగ్గరే ఆగిపోయి, మూడోదాన్ని వదిలేశారని.

ఆ మూడోది ఎలా ఉండాలో లేవీయకాండము 19వ అధ్యాయం చెబుతుంది. ‘మీ దేవుడనైన యెహోవానగు నేను పరిశుద్ధుడను, మీరును పరిశుద్ధులై యుండవలెను’ అన్న మాటతో మొదలయ్యే ఆ అధ్యాయంలో మొట్టమొదట వచ్చేది తల్లిదండ్రుల పట్ల భయభక్తులు, దాని వెంటనే విశ్రాంతిదినం. పొలం కోసేటప్పుడు అంచుల దాకా కోయవద్దు, పరిగె ఏరుకోవద్దు, అవి పేదలవి, పరదేశులవి. చెవిటివాణ్ణి తిట్టవద్దు: వాడికి వినబడదు. గుడ్డివాడి ముందు అడ్డం పెట్టవద్దు: ఎవరు పెట్టారో వాడికి కనబడదు. ఈ రెండూ ఎవరూ పట్టుకోలేని పాపాలు, అందుకే ఆ వచనం ‘నీ దేవునికి భయపడవలెను’ అని ముగుస్తుంది. కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దు. ద్వితీయోపదేశకాండము 24:15 దీనికి కారణం కూడా చెబుతుంది: అతను బీదవాడు, ఆ కూలి మీదే ఆశ పెట్టుకున్నాడు.

అధ్యాయం చివర త్రాసు, గుండ్లు, తూము, పడి. మోసం ఎలా జరిగేదో ద్వితీయోపదేశకాండము 25:13 చూపిస్తుంది: సంచిలో రెండు గుండ్లు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కొనేటప్పుడు పెద్దదానితో తూచి, అమ్మేటప్పుడు చిన్నదానితో తూచేవాళ్లు. 37 వచనాల ఈ అధ్యాయంలో ‘నేను యెహోవాను’ అన్న మాట పదిహేనుసార్లకు తక్కువ కాకుండా వస్తుంది. ‘నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను’ అన్న ఆజ్ఞ ఉన్నదీ ఇక్కడే (19:18). పరిశుద్ధత అంటే లోకానికి దూరంగా జరగడమే అనుకునేవారు ఈ అధ్యాయాన్ని నెమ్మదిగా చదవాలి. ఇందులో ఉన్నవి పొలం, కూలి, అంగడి, న్యాయస్థానం.

పాత నిబంధనకే ఒక పెద్ద చిక్కు ఉంది. దాన్ని హగ్గయి ప్రవక్త యాజకులను రెండు ప్రశ్నలు అడిగి బయటపెట్టాడు (2:11–14). ప్రతిష్ఠితమైన మాంసాన్ని చెంగున కట్టుకున్నవాడు ఆ చెంగుతో రొట్టెనో, ద్రాక్షారసాన్నో, నూనెనో తాకితే అవి ప్రతిష్ఠితమవుతాయా? కావు. శవాన్ని ముట్టి అపవిత్రుడైనవాడు వాటిని ముట్టుకుంటే? అపవిత్రమవుతాయి. అపవిత్రత అంటుకుంటుంది, పరిశుద్ధత అలా అంటుకోదు. యెషయా దర్శనంలో మాత్రం దిశ మారుతుంది (6:5–7). అపవిత్రమైన పెదవులవాణ్ణని అతను కేకపెడితే, బలిపీఠం మీది నిప్పు వచ్చి ఆ పెదవులకే తగిలి దోషం తొలగిస్తుంది.

సువార్తల్లో ఇది ఇంకా స్పష్టం. యేసు కుష్ఠరోగిని ముట్టుకున్నాడు (మార్కు 1:41). హగ్గయి లెక్క ప్రకారం అపవిత్రత ఆయనకు అంటాలి. అంటలేదు, కుష్ఠరోగి శుద్ధుడయ్యాడు. 12 ఏళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ వెనక నుంచి వచ్చి ఆయన వస్త్రాన్ని ముట్టుకుంది. హగ్గయి ప్రశ్నలో ఉన్నదీ వస్త్రపు చెంగే. ఇక్కడ ఆయనలో నుంచి ప్రభావం బయటికి వెళ్లి ఆమె బాగుపడింది. మార్కు 7లో చేతులు కడుక్కోవడం మీద వాదం వచ్చినప్పుడు ఆయన ‘కొర్బాను’ సంగతి ఎత్తాడు: ఇది దేవునికి అర్పితమని ఒక మాట అనేసి, తల్లిదండ్రులకు అందాల్సిన సాయం ఎగ్గొట్టే పద్ధతి. లేవీయకాండము 19లో మొట్టమొదట ఉన్న ఆజ్ఞనే భక్తి పేరుతో కొట్టేశారన్నమాట. మనిషిని అపవిత్రపరిచేది హృదయంలోంచి వచ్చేదేనని ఆయన తేల్చాడు.

పౌలు వాడే గ్రీకు మాట ‘హగియాస్మోస్’, పరిశుద్ధపరచబడుట. కొత్త నిబంధనలో ఇది 10 సార్లే వస్తుంది. తొలి పత్రికల్లో ఒకటైన మొదటి థెస్సలొనీకయులకు పత్రికలోనే మూడుసార్లు ఉంది (4:3, 4, 7). అక్కడ విషయం జారత్వం నుంచి దూరంగా ఉండడం, ఈ సంగతిలో సహోదరుణ్ణి మోసగించకుండడం. మరి కొన్ని వచనాల తర్వాత సొంత చేతులతో పనిచేసుకోమని హెచ్చరిక. కొరింథు సంఘానికి రాస్తూ మొదటి అధ్యాయంలోనే వాళ్లను పరిశుద్ధపరచబడినవారు అంటాడు. అదే పత్రికలో వాళ్ల చీలికలు, వ్యాజ్యాలు, తండ్రి భార్యను ఉంచుకున్నవాడి సంగతి, ప్రభువు బల్ల దగ్గర తాగుడు వరసగా బయటికొస్తాయి. పౌలు బిరుదు వెనక్కి తీసుకోడు. మీరు పరిశుద్ధులు, కాబట్టి ఇలా ఉండకూడదు అంటాడు. సీనాయి వరుసే ఇది.

రోమీయులకు 6లో ఆ వరుస మూడు క్రియల్లో కనబడుతుంది. పాపం విషయంలో చనిపోయామని ఎంచుకోవడం (11), దాన్ని ఏలనియ్యకపోవడం (12), అవయవాలను దేవునికి అప్పగించడం (13). మొదటిది వదిలేసి రెండోదానితో మొదలుపెట్టినవాడు పట్టుదల ఉన్నన్నాళ్లు నెగ్గి, తర్వాత రెట్టింపు నిరాశలో పడతాడు. మొదటిది ఒప్పుకుని మూడోదాకా రానివాడు కృపను సాకుగా వాడుకుంటాడు. ‘చేతపట్టుకొనవద్దు, రుచిచూడవద్దు, ముట్టవద్దు’ అనే నియమాలకు జ్ఞానరూపకం ఉన్నా శరీరేచ్ఛను అరికట్టే శక్తి లేదని కొలొస్సయులకు 2:20–23 సూటిగా చెబుతుంది. ఎఫెసీయులకు 4:25–32 మరో కీలకం ఇస్తుంది: ప్రతి పాపం స్థానంలోకి ఒక మంచి రావాలి. అబద్ధం మానడమే కాదు, సత్యం పలకాలి. దొంగ దొంగతనం మానితే సరిపోదు, చేతులతో కష్టపడాలి. అదీ తన పొట్ట కోసమే కాదు, అక్కరలో ఉన్నవాడికి పంచిపెట్టేందుకు. తీసుకున్న చెయ్యే ఇచ్చే చెయ్యి కావాలి.

ఇక సంఘ చరిత్ర. దాదాపు 270లో ఐగుప్తులో అంతోని అనే యువకుడు ‘నీ ఆస్తి అమ్మి బీదలకిమ్ము’ అన్న వచనం విని అన్నీ వదిలేశాడు, తర్వాత ఎడారికి వెళ్లాడు. 313 తర్వాత క్రైస్తవ్యానికి రాజాదరణ వచ్చి సంఘంలో జనం నిండేకొద్దీ, గట్టిగా బతకాలనుకున్నవాళ్లు ఆ దారి పట్టారు. వాళ్ల త్యాగం నిజమైనది. కానీ పరిశుద్ధత సన్యాసులది, మామూలు విశ్వాసికి కనీస ఆజ్ఞలు చాలు అన్న రెండంతస్తుల ఆలోచన బలపడింది. కొరింథులోని అందరికీ దక్కిన పేరు కొందరి గౌరవబిరుదుగా మారింది.

ఐదో శతాబ్దం మొదట్లో పెలాగియస్ అనే బోధకుడు లేచింది మామూలు విశ్వాసుల్లోని ఈ నీరసం మీదే. దేవుడు ఆజ్ఞాపించాడంటే మనిషి చేయగలడు కాబట్టే అన్నది అతని వాదం. ‘నీవు ఆజ్ఞాపించేది నాకు అనుగ్రహించు, ఆపైన నీకిష్టమైనది ఆజ్ఞాపించు’ అన్న ఉత్తర ఆఫ్రికా బిషప్ అగస్టీన్ ప్రార్థన అతనికి మింగుడుపడలేదు. 418లో కార్తేజు సభ పెలాగియస్ బోధను ఖండించింది. నాకు తోచినంతవరకు అతని రోగనిర్ధారణ సరైనదే, మందు తప్పు. సోమరి విశ్వాసికి సొంత శక్తి గుర్తుచేయడమంటే ఐగుప్తులో ఉన్నవాడికి ముందు ఆజ్ఞలివ్వడమే.

జర్మనీ సంస్కర్త లూథర్ 1517లో రాసిన 95 సిద్ధాంతాల్లో మొదటిదే, విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగా ఉండాలని. నీతిమంతుడుగా తీర్చబడుట (దేవుడు పాపిని నీతిమంతుడిగా ఎంచడం) ఒకటి, పరిశుద్ధపరచబడుట ఒకటి అని సంస్కర్తలు విడదీశారు. వాళ్లలో ఒకడైన కాల్విన్ వాటిని సూర్యుని వెలుగుతో, వేడితో పోల్చాడు: రెండూ ఒకటి కావు, కానీ విడిగా ఉండవు. 1547లో కాథలిక్కుల ట్రెంట్ సభ ఒప్పుకోలేదు. నీతిమంతుడుగా తీర్చబడడంలోనే లోపలి మనిషి నూతనం కావడమూ ఉందని తీర్మానించింది. 1563లో సంస్కరణ పక్షం రాసుకున్న బోధనా పుస్తకం హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరాలు, అత్యంత పరిశుద్ధులకు కూడా ఈ జీవితంలో ఆజ్ఞలకు లోబడే విధేయతకు చిన్న ఆరంభమే ఉంటుందని, అయినా దేవుని ఆజ్ఞలన్నిటి ప్రకారం బతకడం మొదలుపెడతారని అంటుంది.

18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ దగ్గర కాసేపు ఆగాలి. ఆయన బోధ ఎంత ముఖ్యమో, ఆయన ఏర్పాట్లు అంత ముఖ్యం. 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థనామందిరం అప్పు తీర్చడానికి సభ్యులను పన్నెండేసి మందిగా విభజించి, ఒక్కొక్కరి దగ్గర వారానికి ఒక పెన్నీ వసూలు చేయమని ఒక నాయకుణ్ణి పెట్టారు. ఇంటింటికీ తిరిగిన నాయకులకు డబ్బుతోపాటు సంగతులూ తెలిశాయి: ఒకడు తాగుతున్నాడు, ఒకడు భార్యతో గొడవపడుతున్నాడు. ఆ వసూళ్ల గుంపే క్లాస్ మీటింగ్ అయింది. అంతకంటే చిన్న గుంపులైన బ్యాండ్లలో ప్రతి వారం అడిగే మొదటి ప్రశ్న, గత కూటం తర్వాత తెలిసి చేసిన పాపాలేమిటని. ఇలా అడిగేవారు లేనిచోట పరిశుద్ధత ప్రసంగాలు ఆదివారం మధ్యాహ్నానికే ఆవిరవుతాయి. వెస్లీ చెప్పిన ‘సంపూర్ణత’ను చాలామంది అపార్థం చేసుకున్నారు. ఆయన ఉద్దేశం హృదయాన్ని నింపే ప్రేమ. అజ్ఞానం, పొరపాట్లు, బలహీనతలు పోతాయని ఆయన అనలేదు.

19వ శతాబ్దంలో న్యూయార్క్‌లో ఫీబీ పామర్ అనే మెథడిస్టు బోధకురాలు ఈ సంపూర్ణత బోధను కుదించింది: అంతా బలిపీఠం మీద పెట్టు, బలిపీఠం అర్పణను పరిశుద్ధపరుస్తుంది (మత్తయి 23:19), ఇప్పుడే అయిందని నమ్ము. చాలామందికి ధైర్యం వచ్చింది. అనుభూతి రానివాళ్లు మాత్రం నమ్మకంలోనే లోపముందని తమను తాము తవ్వుకుంటూ పోయారు. 1875లో ఇంగ్లండ్‌లోని కెజిక్ అనే ఊళ్లో పరిశుద్ధ జీవితం మీద సమావేశాలు మొదలయ్యాయి. అప్పగించుకుని విశ్రమించడమే విజయమన్న ఆ కాలపు బోధకు ఆంగ్లికన్ బోధకుడు జె. సి. రైల్ అడ్డం చెప్పాడు: కొత్త నిబంధన పరుగు, పోరాటం, మెలకువ గురించి కూడా మాట్లాడుతుందని. 1906లో లాస్ ఏంజిలిస్‌లో అజూసా వీధి ఉజ్జీవాన్ని నడిపిన విలియం సీమూర్, వెస్లీ, పామర్ల బోధ నుంచి పెరిగిన హోలీనెస్ (పరిశుద్ధత) ఉద్యమం నుంచే వచ్చాడు. పెంతెకొస్తు ఉద్యమం వ్యాపించింది ఆ ఉజ్జీవం నుంచే. పెంతెకొస్తు సంఘాల్లో ఈ చర్చ అంత వేడిగా ఉండడానికి ఒక కారణం ఇదే.

పరిశుద్ధత పిలుపు ఏ హోదాలో ఉన్నవారికైనా ఒకటేనని 1964లో కాథలిక్కుల రెండో వాటికన్ సభ ప్రకటించింది. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, కాథలిక్కులు నీతిమంతుడుగా తీర్చబడుటపై ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేశారు. 2006లో మెథడిస్టులు చేరారు. బాప్తిస్మం తర్వాత కూడా మనిషిలో మిగిలే చెడు మొగ్గును పాపమనే పిలవాలా అన్నదాని మీద లూథరన్లు అవునని, కాథలిక్కులు అసలైన అర్థంలో కాదని ఆ పత్రంలోనే ఇంకా వేర్వేరుగా చెబుతున్నారు. దానితో ప్రతిరోజూ పోరాడాలన్నదాంట్లో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

అహరోను పాగా మీద కట్టిన బంగారు రేకుపై ‘యెహోవాకు పరిశుద్ధం’ అన్న భావంతో రెండు హీబ్రూ మాటలు చెక్కి ఉండేవి (నిర్గమ 28:36). ప్రధాన యాజకుడొక్కడి నుదుటికే అవి దక్కాయి. జెకర్యా 14:20–21లో అవే రెండు మాటలు గుర్రాల గంటల మీదికి వస్తాయి. యెరూషలేములో ప్రతి వంటకుండా ప్రతిష్ఠితమవుతుంది, బలి అర్పించేవాళ్లు వచ్చి వాటిల్లోనే వండుకుంటారు.