ఫైబర్ ఆర్ట్ చదువు: అపోహలు, వాస్తవాలు

ఆర్ట్ కళాశాలలో ఫైబర్ విభాగంలో (నేత, అద్దకం వంటి పోగుల కళ) చదివి, ఇప్పుడు అక్కడి పాఠాలే విద్యార్థులకు చెబుతున్న నాకు ప్రవేశాల వేళ ఏటా ఎదురయ్యే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఇది కుట్లు, అల్లికలు నేర్చుకునే తీరిక చదువు.

వాస్తవం: మగ్గం మీద మొదటి వారాలన్నీ పడుగు (బట్ట పొడవునా సాగే పోగులు) సిద్ధం చేయడానికే సరిపోతాయి, వందల పోగుల్లో ఒక్కటి మగ్గంలో తనది కాని కంటిలోంచి (పోగు దూర్చే రంధ్రంలోంచి) దూరినా ఆ తప్పు బట్ట పొడవునా గీతలా కనిపిస్తుంది. ఈ చిన్నచూపు పాతదే. 1919లో జర్మనీలో మొదలైన బౌహౌస్ కళా పాఠశాలలో విద్యార్థినులను ఎక్కువగా నేత విభాగానికే పంపేవారు. ఆ విభాగంలో చదివిన ఆనీ ఆల్బర్స్, ఒక సభామందిరం గోడల కోసం సెల్లోఫేన్, మెత్తటి నూగుండే చెనీల్ నూలు కలిపి, వెలుతురును వెనక్కి కొట్టి శబ్దాన్ని పీల్చుకునే వస్త్రాన్ని రూపొందించి 1930లో డిప్లొమా అందుకున్నారు. తీరిక పని అనేవారికి నేను ముందుగా చెప్పేది ఈ వస్త్రం గురించే.

అపోహ: బొమ్మలు బాగా వేయడం రాకపోతే సీటు దండగ.

వాస్తవం: వస్తే మంచిదే, కానీ పోగును వేళ్ల మధ్య నలిపి దాని పురి ఎటు తిరిగిందో గమనించే ఓపిక అంతకన్నా అవసరం.

అపోహ: సహజ రంగులు సులువు, పైగా నిరపాయకరం.

వాస్తవం: వంద గ్రాముల ఉన్నికి సుమారు 15 గ్రాముల పటిక పట్టిస్తే చాలా రంగులు నిలుస్తాయి, అదే పద్ధతిలో నూలు బట్టకు రంగు సరిగా పట్టదు కనుక ముందుగా కరక్కాయ వంటి వగరు పదార్థంలో నానబెట్టాలి. పసుపు ఏ పటికా లేకుండానే ముచ్చటగా అంటుకుని, ఎండ తగిలితే అంత త్వరగానూ వెలిసిపోతుంది. నీలిమందు అసలు నీటిలో కరగదు. క్షార ద్రావణంలో ఆక్సిజన్ తొలగించి కరిగించాలి. తొట్టిలోంచి ఆకుపచ్చగా తీసిన నూలు చూస్తుండగానే గాలికి నీలంగా మారడం ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాలేదు. ఇక నిరపాయం సంగతికొస్తే, రంగు పట్టడానికి ఒకప్పుడు విరివిగా వాడిన క్రోమియం లవణాల్లో కొన్ని క్యాన్సర్ కారకాలు; పటిక పొడి తూచేటప్పుడు కూడా మాస్కు పెట్టుకోమని మేము పట్టుబడతాం.

అపోహ: ప్రయోగాత్మక పదార్థాలంటే చేతికి దొరికినదాన్నల్లా అతికించడం.

వాస్తవం: సముద్రపు నాచు నుంచి తీసిన సోడియం ఆల్జినేట్ ద్రావణాన్ని సిరంజితో కాల్షియం క్లోరైడ్ నీటిలోకి వదిలితే, కాల్షియం దాని అణువులను ముడివేసి క్షణాల్లో పోగులా గడ్డకట్టిస్తుంది. నా మొదటి పోగు ఆరి, కుంచించుకుపోయి, మగ్గానికి బిగించగానే పుటుక్కున తెగింది. గ్లిజరిన్ కలిపితే మెత్తబడింది గానీ, దాని మోతాదు ఎక్కువైనప్పుడు గాలిలోని తేమను లాక్కుని జిగటగా తయారైంది. చక్కెర కలిపిన టీలో బ్యాక్టీరియా పెంచే సెల్యులోజ్ పొరదీ ఇలాంటి ఇబ్బందే: ఆరితే తోలులా ఉంటుంది, తడిస్తే మళ్లీ నీరు పీల్చుకుని ఉబ్బుతుంది.

అందుకే ప్రతి నమూనాకూ పాళ్లు, ఆరిన రోజులు, ఆనాటి తేమ రాసిన చీటీ కట్టాలన్నది మా నియమం. విద్యార్థిగా నేను చేసిన వాటిలో అన్నిటికన్నా మెత్తగా, గట్టిగా వచ్చిన ఆల్జినేట్ పోగుకు ఆ చీటీ లేదు. పదమూడు సార్లు ప్రయత్నించినా దాన్ని మళ్లీ తేలేకపోయాను.