శీతకాలపు బాతులు, చెరువు లోతులు

విజయనగరం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

చెరువులో అన్ని బాతులు ఒక్కచోట చేరితే తిండి కోసం కొట్లాడుకోవా అని పోయిన ఉత్తరంలో అడిగారు. పెద్దగా కొట్లాడుకోవు. ఒక్కో జాతికి ఒక్కో లోతు అందుతుంది కనుక, చూడటానికి ఒకే గుంపులా ఉన్నా అవి మేసే చోట్లు చాలావరకు వేరు.

మన చెరువులకు గట్టు, మదుము (నీటిని బయటికి వదిలే తూము) ఉన్న వైపు లోతు ఎక్కువ. వాననీరు దిగివచ్చే ఎదుటి వైపు మోకాలి లోతు నుంచి క్రమంగా తగ్గుతూ పోయి, చివరకు తుంగ, గడ్డి మొలిచిన బురదనేల అవుతుంది. సైబీరియా నుంచీ మధ్య ఆసియా నుంచీ శీతకాలానికి దిగివచ్చే బాతుల్లో ఎక్కువ జాతులకు కావలసింది ఈ లోతు తక్కువ నీరే. సూదితోక బాతును గమనించండి. తల, మెడ నీటిలోకి దించి, తోకను నిట్టనిలువుగా పైకెత్తి, ఆ తలకిందుల భంగిమ తప్పిపోకుండా కాళ్లతో నీటిని తోస్తూనే అడుగున రాలిన గడ్డిగింజలను ఏరుకుంటుంది. మెడ పొడవు కావడం వల్ల తోటి చిన్న బాతులకు అందని గింజ దీనికి అందుతుంది. అయినా నీరు ఒక అడుగు లోతు దాటిందంటే దానికీ కష్టమే.

గరిటెమూతి బాతు పద్ధతి నాకు మరీ ఇష్టం. దాని ముక్కు కొసన వెడల్పుగా ఉంటుంది, లోపలి అంచుల పొడవునా దువ్వెన పళ్లలాగా సన్నని పొరలు వరుసగా ఉంటాయి. ముక్కును నీటి పైభాగాన ఆనించి ఈదుతూ, కొస నుంచి నీటిని లోపలికి తీసుకుని పక్కల నుంచి బయటికి తోసేస్తుంది. నీటిలోని సూక్ష్మజీవులు, చిన్న పురుగులు, గింజలు ఆ పొరలకు చిక్కుకుంటాయి. ఒక్కోసారి ఇవి గుంపుగా ఒకదాని వెనుక ఒకటి గుండ్రంగా తిరుగుతాయి. ఆ తిరుగుడుకు కలిగే సుడిలో అడుగున ఉన్న మేత పైకి లేస్తుంది.

మదుము వైపు లోతైన నీరు మునక బాతులది. ఎర్రతల పోచార్డు, పిలక బాతు వంటివి పూర్తిగా మునిగి వేళ్లనూ నత్తలనూ తెచ్చుకుంటాయి. కాళ్లు శరీరానికి బాగా వెనుకగా ఉండటం మునగడానికి అనుకూలమే కాని, పైకి ఎగరాలంటే మాత్రం నీటి మీద కొంత దూరం పరుగెత్తక తప్పదు. సూదితోక అయితే ఉన్నచోటి నుంచే పైకి లేస్తుంది.

పగలు చెరువు నడుమ ముక్కును వీపు ఈకల్లో దూర్చుకుని నిద్రపోయే గుంపును చూసి, వీటికి మేత అక్కడే అనుకోవద్దు. చాలా బాతులు పగలు నడినీటిలో విశ్రమించి, చీకటి పడ్డాక లోతు తక్కువ నీటికో, కోత అయిన వరిమడులకో వెళ్లి రాలిన గింజలు తింటాయి. కోత ఆలస్యమైన మడిలో దిగితే రైతుకు నష్టమే. ఆ కోపాన్ని నేను తప్పుపట్టను. కాని పగటి నిద్రను పడవలతో, రాళ్లతో చెదరగొడితే ఎగరడానికి ఖర్చైన శక్తి కోసం అవి ఆ రాత్రి ఇంకా ఎక్కువ మేయవలసి వస్తుంది.

జనవరి నుంచి చెరువు నీరు తగ్గేకొద్దీ ఒడ్డు లోపలికి జరుగుతూ, నిన్నటిదాకా లోతుగా ఉన్న చోటు నేడు అందుబాటులోకి వస్తుంది. అప్పుడు గింజలతో పాటు పురుగులు, నత్తలు కూడా తింటాయి. కొత్త ఈకలకూ, తిరుగు ప్రయాణం తరువాత పెట్టబోయే గుడ్లకూ మాంసకృత్తులు కావాలి కదా. అందుకే పూడికతీత పేరిట చుట్టూ నిలువుగా తవ్వేసిన చెరువును చూస్తే నాకు బాధ. పూడిక తీయవలసిందే, నీరు నిలవాలంటే వేరే దారి లేదు. అయితే ఎదుటి వైపు వాలును అలాగే ఉంచితే రైతుకు పోయేది కొద్ది నీరే. గుర్రపుడెక్క నీటిని పూర్తిగా కప్పేసినా అంతే, దిగడానికే చోటు ఉండదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు తెల్లవారుజామునే వెళదాం. సూర్యుడు మన వీపు వైపు ఉండేలా తూర్పు ఒడ్డున నిలబడాలి, రంగు బట్టలు వద్దు. ఏవి మునుగుతున్నాయో, ఏవి తోక ఎత్తుతున్నాయో, ఒడ్డుకు ఎంత దూరంలో ఉన్నాయో మీరే నోటుపుస్తకంలో రాసుకోండి.

మీ
తాతయ్య