ఢిల్లీ నుంచి టోక్యోకి ఎంతసేపు?

ప్రియమైన పిల్లలూ,

ఢిల్లీ నుంచి టోక్యోకి విమానంలో ఎంతసేపు పడుతుందని అడిగారు. ఒక అంకె చెప్పేసి ఊరుకోవచ్చు గానీ, ముందు ఈ లెక్క చూడండి. రాత్రి 8కి ఢిల్లీలో ఎక్కి మర్నాడు పొద్దున్న 7:30కి టోక్యోలో దిగారనుకుందాం. తిరిగి వచ్చేటప్పుడు పొద్దున్న 11కి అక్కడ ఎక్కితే సాయంత్రం 5కి ఢిల్లీలో ఉన్నారు. చూస్తే పోవడానికి పదకొండున్నర గంటలు, రావడానికి ఆరే గంటలు! నిజానికి పోవడానికి పట్టింది 8 గంటలు, రావడానికి పట్టింది తొమ్మిదిన్నర.

టికెట్ మీద ఏ ఊరికి ఆ ఊరి టైమే వేస్తారు. జపాన్ టైము మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. పోయేటప్పుడు ఆ మూడున్నర తీసేయండి, వచ్చేటప్పుడు కలపండి. అంతే.

ఇక దూరం. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే సుమారు 5,850 కిలోమీటర్లు వస్తుంది. ఆ దారం హిమాలయాలు దాటి టిబెట్ మీదుగా పోతుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగానికి ఆరున్నర గంటలు చాలాలి. కానీ విమానాలు సాధారణంగా ఆ దారిన పోవు. విమానం లోపల గాలి ఒత్తిడి పడిపోతే, అందరికీ ఊపిరి ఆడేందుకు పైలట్ వెంటనే సుమారు 3 కిలోమీటర్ల ఎత్తుకు దించాలి. టిబెట్‌లో నేలే 4 కిలోమీటర్లకు పైన ఉంటే ఎక్కడికి దించుతాడు? అందుకే దక్షిణంగా చుట్టు తిరిగి పోతారు. రన్‌వే దాకా నెమ్మదిగా పాకే టైము కూడా ప్రయాణంలో లెక్కే.

చుట్టు దారి రెండువైపులా ఉన్నదే కదా, మరి వచ్చేటప్పుడే ఎందుకు ఆలస్యం? గాలి వల్ల. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం ఉంటుంది. ఏటివాలుకు పోయే పడవకీ ఎదురీదే పడవకీ ఉన్న తేడాయే ఇక్కడా. ఆ గాలి 150 వేగంతో వీస్తే, 900తో పోయే విమానం నేల మీద లెక్కకు ఒకవైపు 1,050తో, ఇంకోవైపు 750తో పోతుంది. చలికాలంలో జపాన్ మీద ఈ గాలి ఒక్కోసారి 300 కూడా దాటుతుంది.

దీన్ని ముందుగా కొలిచినవాడు వాసబురో ఓయిషి అనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త. 1920లలో బెలూన్లు వదిలి, అవి కొట్టుకుపోయే తీరు చూసి లెక్కగట్టాడు. ప్రపంచమంతా చదవాలని, అన్ని దేశాలవాళ్ల కోసం తయారుచేసిన ఎస్పరాంటో అనే భాషలో రాశాడు పాపం, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1944లో టోక్యో మీదికి వచ్చిన అమెరికా బాంబర్లు ఆ గాలిలో పడి గురి తప్పాయి.

వేసవిలో ఆ ప్రవాహం బలం తగ్గి ఉత్తరానికి జరుగుతుంది. అప్పుడు రాకపోకల తేడా కూడా తగ్గుతుంది. కాబట్టి ఎంతసేపని అడిగేటప్పుడు ఏ నెలలోనో కూడా చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య